మూడుసార్లు మందు కొట్టినా పెంకు పురుగు ఎందుకు పోవడం లేదు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వంగ ఆకులు జల్లెడలా అయిపోయాయి, వాటి మీద నల్ల చుక్కలున్న గుండ్రటి పురుగులు తిరుగుతున్నాయి. పక్క మడిలో వేరుశనగ మొక్కలు అక్కడక్కడా వాడి ఎండిపోతున్నాయి. పీకితే వేరు లేకుండా చేతికి వస్తున్నాయి, కింద మట్టిలో వంకర తిరిగిన తెల్లటి పురుగు దొరికింది. మూడు వారాల్లో మూడు మందులు మార్చి మార్చి కొట్టారు, వాటి పేర్ల జాబితా కూడా పంపారు. కొట్టిన మర్నాడు పురుగు కనిపించదు, వారం తిరిగేసరికి మళ్లీ అంతే. ఈ రెండూ ఒకే పురుగా, చుక్కల పురుగు మిత్ర పురుగు అంటారు కదా చంపొచ్చా, నాలుగోసారి ఏ మందు కొట్టాలి అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. రెండూ పెంకు పురుగులే, కానీ వేర్వేరు జాతులు. చుక్కల పురుగుల్లో మిత్రులూ ఉన్నాయి, శత్రువులూ ఉన్నాయి. మీరు చెప్పిన ఆకు లక్షణాన్ని బట్టి మీ వంగ మీద ఉన్నది శత్రువే. నాలుగో మందు మాత్రం ఇప్పుడే కొట్టకండి. మీరు వాడిన మందులు పనికిరానివి కాకపోవచ్చు. అవి పురుగు ఉన్న చోట పడలేదు, దెబ్బతినే దశలో తగల్లేదు.

పెంకు పురుగు బతుకు నాలుగు దశలు: గుడ్డు, పిల్ల పురుగు, కోశస్థ దశ అంటే ప్యూపా, తల్లి పురుగు. ఇది అందరికీ తెలిసిందే. కానీ పొలంలో నిలబడినప్పుడు చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ఈ నాలుగు దశలూ ఒకే చోట ఉండాలని ఏమీ లేదు. పచ్చపురుగు, లద్దెపురుగు లాంటి వాటిలో నష్టం చేసేది పిల్ల పురుగు ఒక్కటే. రెక్కల పురుగు పూలలో తేనె తాగి బతుకుతుంది. పెంకు పురుగుల్లో పిల్లకీ తల్లికీ ఇద్దరికీ నమిలే నోరు ఉంటుంది. కొన్నిట్లో తల్లి మాత్రమే పంటని తింటుంది, కొన్నిట్లో పిల్ల మాత్రమే, కొన్నిట్లో ఇద్దరూ. తినే చోట్లు కూడా వేరుగా ఉండొచ్చు. తల్లి చెట్టు మీద ఆకు తింటుంటే పిల్ల భూమిలో వేరు తింటూ ఉంటుంది. ఇప్పటికి పేరు పెట్టిన పెంకు పురుగుల జాతులే నాలుగు లక్షల దాకా ఉన్నాయి. మనకు తెలిసిన జంతుజాతుల్లో దాదాపు నాలుగో వంతు ఇవే. ఇన్ని రకాల బతుకులకి ఒకే మందు, ఒకే సలహా ఎలా కుదురుతుంది?

వీటి ముందు రెక్కలు గట్టిపడి పెంకులా మారాయి, ఆ పేరు అందుకే వచ్చింది. ఆ పెంకు కింద పలచని రెక్కలు మడతపెట్టి ఉంటాయి, ఎగిరేది వాటితోనే. మెత్తటి ఒళ్లున్న పిల్ల పురుగు మీద పడిన మందు లోపలికి దిగినంత సులువుగా పెంకు మీద పడింది దిగదు. పైగా చాలా పెంకు పురుగులకి ఇంకో అలవాటుంది: మొక్క కదిలితే చాలు, కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు కింద పడిపోతాయి. స్ప్రేయరు పట్టుకుని మీరు సాలులోకి అడుగుపెట్టేసరికే సగం పురుగులు నేల మీదుంటాయి. మర్నాడు కనిపించకపోవడానికి అదీ ఒక కారణమే. అన్నీ చచ్చిపోయాయని మనం అనుకుంటాం.

ఇక మీ వంగ సంగతి. మీది ఎపిలాక్నా. దీన్నీ అక్షింతల పురుగనే అంటారు, పేనుబంకని తినే మిత్ర పురుగునీ అక్షింతల పురుగనే అంటారు. రెండూ ఒకే కుటుంబంలోవి కాబట్టి పోలికలు సహజం. ఈ ఒక్క పేరు వల్ల జరిగిన నష్టం నేను చాలాసార్లు కళ్లారా చూశాను. ఒకసారి ఒక రైతు చిక్కుడు మడిలో చుక్కల పురుగులు విపరీతంగా ఉన్నాయని మందు కొట్టేశాడు. నేను వెళ్లేసరికి తీగలన్నీ పేనుబంకతో నల్లగా జిడ్డుకట్టి ఉన్నాయి. చనిపోయి కింద రాలిన పురుగుల్ని ఏరి చూస్తే అన్నీ మిత్ర పురుగులే. వాటిని ఇంకో పది రోజులు వదిలేసి ఉంటే మందు అవసరమే ఉండేది కాదు.

తేడా పట్టడం కష్టం కాదు, ఒకసారి దగ్గరగా చూస్తే మళ్లీ మరిచిపోరు. మిత్ర పురుగు వీపు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. ఎపిలాక్నా వీపు మాసినట్టు ఉంటుంది, వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తే దాని మీద సన్నటి నూగు కనిపిస్తుంది. చుక్కల లెక్క నమ్మకండి. ఎపిలాక్నాలో 12 చుక్కలవీ 28 చుక్కలవీ ఉన్నాయి, మిత్ర పురుగుల్లో చుక్కలే లేనివీ ఉన్నాయి. పిల్ల పురుగుల్ని చూస్తే అసలు సందేహమే ఉండదు. మిత్ర పురుగు పిల్ల బూడిద రంగులో, నారింజ మచ్చలతో, చిన్న మొసలిలా సన్నగా పొడవుగా ఉండి చకచకా నడుస్తుంది. ఎపిలాక్నా పిల్ల పసుపుపచ్చగా, ఒళ్లంతా కొమ్మలు కొమ్మలుగా చీలిన ముళ్లతో, ఆకు అడుగున కదలకుండా అతుక్కుని ఉంటుంది. ఆకు కూడా సాక్ష్యం చెప్తుంది. ఎపిలాక్నా ఆకులో పచ్చదనాన్ని గీకి తిని ఈనెల్ని వదిలేస్తుంది. అందుకే మీ ఆకు జల్లెడలా, తర్వాత ఎండిన వలలా కనిపిస్తోంది. మిత్ర పురుగు ఉన్న ఆకు మీద పేనుబంకో పిండినల్లో ఉంటాయి, ఆకు చిల్లు పడి ఉండదు.

మిత్ర పురుగు విలువ ఏపాటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1880ల్లో కాలిఫోర్నియా నారింజ తోటల్ని దూదిలాంటి పొలుసు పురుగు పట్టి, తోటలు నరుక్కునే స్థితికి తెచ్చింది. 1888లో ఆల్బర్ట్ కోబెలే అనే ఆయన్ని ఆస్ట్రేలియాకి పంపారు, ఎందుకంటే ఆ పొలుసు పురుగు అక్కడినుంచే వచ్చింది. ఆయన అక్కడినుంచి వెడాలియా అనే చిన్న అక్షింతల పురుగుని పంపించాడు. ఏడాది, ఏడాదిన్నరలో ఆ తోటలు కోలుకున్నాయి. మందులతో కాని పని గోరంత పురుగు చేసింది.

మీ మూడు స్ప్రేలూ ఎందుకు ఫెయిలయ్యాయో ఇప్పుడు చూద్దాం. ఎపిలాక్నా ఆకు అడుగున పసుపు రంగు గుడ్లని గుత్తిగా, నిలువుగా నిలబెట్టినట్టు పెడుతుంది. కొద్ది రోజుల్లో అవి పొదిగి పిల్లలు వస్తాయి. పిల్లలు దాదాపు రెండు వారాలు ఆకు అడుగునే ఉండి తింటాయి, ఆకు మీదో కాండం మీదో అతుక్కుని ప్యూపాగా మారతాయి. వాతావరణం వెచ్చగా ఉంటే గుడ్డు నుంచి తల్లి పురుగు దాకా నెల రోజులు, ఇంకా తక్కువే పట్టొచ్చు. మీరు పై నుంచి కొట్టిన మందు ఆకు పై భాగాన్నే తడిపింది. అడుగున ఉన్న పిల్లలకి అంతంతమాత్రమే తగిలింది. గుడ్డు పెంకు లోపల ఉన్నదానికీ, తిండి మానేసి ప్యూపాగా ఉన్నదానికీ దాదాపు ఏమీ కాలేదు. వారం తర్వాత మీరు చూసింది కొత్తగా పొదిగినవి, ప్యూపా నుంచి బయటికి వచ్చినవి, గట్ల మీది కామంచి, ఉమ్మెత్త మొక్కల నుంచి ఎగిరి వచ్చినవి.

అందుకని ఈ పురుగుకి నేను మొదట చెప్పేది చేత్తో ఏరడమే. ఇది పాతకాలపు సలహాలా అనిపించొచ్చు, కానీ ఎపిలాక్నా విషయంలో ఇంతకంటే ఖచ్చితమైనది లేదు. గుడ్లు గుత్తిగా ఉంటాయి, పిల్లలు కదలవు, తల్లి పురుగులు నెమ్మదైనవి. తెల్లవారుజామున చలికి మందకొడిగా ఉన్నప్పుడు, సబ్బు నీళ్లున్న వెడల్పాటి గిన్నె మొక్క కింద పట్టి కొమ్మ కుదపండి. కింద పడే అలవాటు వాటి ప్రాణం మీదికే వస్తుంది. గుడ్లున్న ఆకుల్ని తుంచి అదే నీళ్లలో ముంచండి. వారానికి రెండుసార్లు చొప్పున నెల రోజులు వదలకుండా చేయాలి, ఎందుకంటే ఒక తరం మొత్తం అందులో పడాలి. ఒక్క జాగ్రత్త. పిల్ల పురుగుల్లో కొన్ని పసుపు రంగు పోయి ముదురు గోధుమ రంగుకి మారి, ఉబ్బి, కదలకుండా ఎండిపోయినట్టు కనిపిస్తే వాటిని ముట్టుకోకండి. వాటి కడుపులో పెడియోబియస్ అనే సన్నటి కందిరీగ పిల్లలు పెరుగుతుంటాయి. అవి బయటికి వచ్చి మిగతా ఎపిలాక్నా పిల్లల్లో గుడ్లు పెడతాయి. మీరు కొట్టిన మూడు మందులకీ మొదట చచ్చేవి ఇవే.

మడి పెద్దదైతే ఏరడం కుదరదు, నిజమే. అప్పుడు వేపగింజల కషాయం 5 శాతం, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. వేపలోని అజాడిరాక్టిన్ పురుగుని కొట్టిన క్షణాన చంపదు. తిండి మీద విరక్తి కలిగిస్తుంది, పిల్ల పురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. కాబట్టి ఇది చిన్న పిల్లల మీద బాగా పనిచేస్తుంది, తల్లి పురుగు మీద కొద్దిగానే. ఎండకి త్వరగా విరిగిపోతుంది, అందుకే సాయంత్రం అన్నాను. వంగ కొద్ది రోజులకోసారి కాయ కోసే పంట. దాని మీద ఏ రసాయన మందు కొట్టినా డబ్బా మీద రాసిన కోత విరామం, అంటే కొట్టాక కోతకి ఆగాల్సిన రోజులు, పాటించకపోతే ఆ విషం తినేది మనుషులే. ఇంకో మాట: మీ జాబితాలో సింథటిక్ పైరిత్రాయిడ్ ఒకటి ఉంది. వంగ మీద దాన్ని పదేపదే వాడితే ఎర్రనల్లి విజృంభిస్తుంది, ఎందుకంటే నల్లిని తినే మిత్ర పురుగులన్నీ పోతాయి. ఆకులు పాలిపోయి, అడుగున సన్నటి బూజులాంటి గూడు కనిపిస్తోందేమో ఈరోజే చూడండి.

వేరుశనగ సంగతి ఇంకా లోతైనది, మాటలోనూ నేలలోనూ. అది వేరు పురుగు. మట్టిలో మీకు దొరికింది పిల్ల పురుగు. దాని తల్లి గోధుమ రంగు పెంకు పురుగు, దాన్ని మీరు వేరుశనగ మీద ఎప్పుడూ చూసి ఉండరు. ఎందుకంటే అది వేరుశనగ తినదు. ఏడాదికి ఒక్క తరమే ఉన్న జాతుల్లో కథ ఇలా నడుస్తుంది: తల్లి పురుగులు భూమిలో ఎదురుచూస్తూ ఉంటాయి. తొలి మంచి వాన పడి నేల తడవగానే చీకటి పడే వేళకి ఒక్కసారిగా గుంపులుగా పైకి వస్తాయి. దగ్గర్లోని వేప, రేగు, మునగ, తుమ్మ చెట్ల మీద వాలతాయి. అక్కడే జత కట్టి రాత్రంతా ఆకులు తిని, తెల్లవారకముందే మళ్లీ మట్టిలోకి దిగిపోతాయి. తడి మట్టిలో గుడ్లు పెడతాయి. పది రోజులు అటూ ఇటుగా గుడ్లు పొదుగుతాయి. పిల్ల పురుగు మొదట్లో మట్టిలో కుళ్లిన ఆకునీ సన్న వేళ్లనీ తింటుంది. రెండుసార్లు కుబుసం విడిచి మూడో దశకి వచ్చాక తల్లివేరునే కొరికేస్తుంది. తర్వాత లోతుకి దిగి మట్టితో గది కట్టుకుని ప్యూపా అవుతుంది. అందులోంచి తల్లి పురుగు వచ్చినా బయటికి రాదు, మళ్లీ వచ్చే ఏడు తొలి వాన దాకా అక్కడే ఉంటుంది. అన్ని జాతులూ ఇంతే కాదు. యూరప్‌లోని మెలలోంథా అనే జాతికి ఒక తరం పూర్తవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఏడాది పొడవునా ఈ పురుగు నేల పైన కనిపించేది తొలి వానల తర్వాతి కొద్ది వారాల రాత్రుళ్లే. మీ మొక్క వాడిపోయి మీకు తెలిసేసరికి పురుగు మూడో దశలో ఉంది, బలిసి ఉంది, వేరు కింద మట్టిలో ఉంది. ఆకు మీద కొట్టిన మందు దానికి చేరే దారే లేదు. ఇంకా బాధ కలిగించే సంగతి, వాడిన మొక్క కింద పురుగు చాలాసార్లు ఉండదు. అది అప్పటికే పక్క మొక్క కిందికి జరిగిపోయి ఉంటుంది. కాబట్టి వాడిన మొక్క దగ్గర కాదు, అదే సాలులో దాని పక్కన పచ్చగా ఉన్న మొక్క చుట్టూ తవ్వి చూడండి. చిన్న మడి అయితే ఇలా తవ్వి ఏరడమే ఈ ఏటికి చేయగలిగిన పని. నిలిచిన పంటలో మూడో దశ పురుగు మీద మందు పోసినా ఫలితం అరకొరగానే ఉంటుందని ముందే చెప్తున్నాను, డబ్బు పెట్టాక బాధపడకూడదని.

అసలు దెబ్బ కొట్టాల్సింది వచ్చే తొలి వాన పడిన రాత్రి. ఆ రోజునుంచి మూడు నాలుగు రాత్రులు టార్చిలైటు, దుప్పట్లు పట్టుకుని పొలం చుట్టూ ఉన్న వేప, రేగు చెట్ల కిందికి వెళ్లి కొమ్మలు దులపండి. రాలిన పురుగుల్ని కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయండి. ఒక్క తల్లి పురుగుని గుడ్లు పెట్టకముందే పట్టుకుంటే ఎన్నో పిల్ల పురుగుల్ని ఆపినట్టే. ఇది ఒక్కరు చేసే పని కాదు. పురుగుకి మీ గట్టు, పక్కవాళ్ల గట్టు అన్న తేడా లేదు. చుట్టుపక్కల వాళ్లంతా ఒకే రాత్రి చేసిన చోట మర్నాటి ఏడు తేడా స్పష్టంగా కనిపించడం చూశాను. ఒక్కరే చేసిన చోట అంతగా కనిపించలేదు. ఈ జాతుల్లో ఒకదానికి, హోలోట్రైకియా కన్సాంగ్వినియాకి, అనిసోల్ అనే రసాయనం లింగాకర్షకంగా పనిచేస్తుంది. స్పాంజి ముక్కని అందులో ముంచి ఒక చెట్టుకి కడితే పురుగులన్నీ ఆ చెట్టుకే చేరతాయి, ఏరడం తేలికవుతుంది. అన్ని జాతులకీ ఇది పనిచేయదు, మీ దగ్గరున్నది ఏ జాతో గుర్తించాకే దాని జోలికి వెళ్లండి.

పంట తీశాక లోతు దుక్కి దున్నితే మట్టి గదుల్లో ఉన్నవి బయటపడతాయి. కాకులు, గోరింకలు, కొంగలు నాగలి వెనకే నడుస్తూ ఏరుకుతినేది వాటినే. విత్తేటప్పుడు వేరు పురుగుకి సిఫారసు చేసిన మందుతో విత్తనశుద్ధి చేస్తే లేత దశలోని పిల్లలు ఆ తొలి వేళ్ల దగ్గరే ఆగిపోతాయి. ఇదే మందు రెండు నెలల తర్వాత పోస్తే ఎందుకు పనిచేయదో ఇప్పుడు మీకు నేను చెప్పక్కర్లేదు.

చివకని పశువుల ఎరువు పొలంలో వేయకండి. ఇక్కడ ఒక గందరగోళం కూడా తీర్చాలి. ఎరువు కుప్పలో కనిపించే ప్రతి తెల్లటి వంకర పురుగూ వేరు పురుగు కాదు. అనుమానం వస్తే పురుగుని చదునైన పలక మీద పెట్టి చూడండి. కాళ్లు పైకి పెట్టి వెల్లకిలా పాకుతూ పోతే అది పూల మీద వాలే ఒక పెంకు పురుగు పిల్ల. అది కుళ్లిన చెత్త తిని ఎరువు చేసేది, మొక్క వేరుకి హాని చేయదు. బొటనవేలంత లావుగా ఉన్నవి కొబ్బరి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. ఈ కొమ్ము పురుగు మీ వేరు పురుగుకి పూర్తిగా తిరగేసిన బతుకు బతుకుతుంది. పిల్ల పురుగు ఎరువు కుప్పలో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో హాయిగా పెరుగుతుంది, పంటకి ఏ హానీ లేదు. తల్లి పురుగు వెళ్లి కొబ్బరి మొవ్వు తొలుస్తుంది. మొవ్వులో మడతపడి ఉన్న ఆకు కోతకి గురై, విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తుంది. చెట్టెక్కి మందు వేయడం కంటే కింద ఎరువు కుప్ప తిరగేయడం ఎంత తేలికో ఆలోచించండి. ఆ మొవ్వు గాయాల్లోకే ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. కాళ్లు లేని దాని పిల్లలు కాండం లోపలంతా తినేసి చెట్టునే కూల్చేస్తాయి. 1960ల్లో మలేషియాలో అలాయిస్ హ్యూగర్ అనే శాస్త్రవేత్త కొమ్ము పురుగుకి జబ్బు చేసే ఒక వైరస్‌ని కనుక్కున్నారు. దాన్ని సమోవా మొదలుకొని పసిఫిక్ దీవుల్లో వదిలారు. చాలా చోట్ల పురుగు బాగా తగ్గింది. 2007లో గ్వామ్ దీవిలో బయటపడిన కొమ్ము పురుగు రకం మాత్రం ఆ వైరస్‌కి లొంగలేదు.

ఇలా ప్రతి పెంకు పురుగుకీ ఒక బలహీనమైన చోటుంటుంది. చిలగడదుంప ముక్కు పురుగు మట్టి పగుళ్లలోంచి దుంప దాకా దిగుతుంది. దానికి తవ్వుకుంటూ పోయే శక్తి లేదు. కాబట్టి బోదెకి మట్టి ఎగదోసి పగుళ్లు మూసేస్తే దారి మూసేసినట్టే. గుమ్మడి పెంకు పురుగు రెండాకుల మొలకని తిని చంపుతుంది, నాలుగైదు ఆకులు వచ్చిన తీగని అంతగా చంపలేదు. కాబట్టి మొదటి మూడు వారాలు సన్నటి వల కప్పి కాపాడితే చాలు, కాయ దశలో మందు దేనికి? వరిలో తాటాకు తెగులు తెచ్చే హిస్పా ఆకు కొనల దగ్గర ఎక్కువగా గుడ్లు పెడుతుంది. నాటేముందు నారు కొనలు తుంచి నాశనం చేస్తే సగం పని అయిపోతుంది.

మీకు పనిచేయని మందుల గురించి అడిగారు కాబట్టి బంగాళాదుంప మీద పడే కొలరాడో పెంకు పురుగు గురించి చెప్పాలి. ఇది మొదట అమెరికాలో ఒక ముళ్ల కలుపు మొక్క మీద బతికేది. 1859లో నెబ్రాస్కాలో బంగాళాదుంప మీద పడింది. 1874కల్లా అట్లాంటిక్ తీరం చేరింది, 1922లో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గర స్థిరపడి యూరప్ అంతా పాకింది. దాని మీద ప్రయోగించని మందు లేదు. 1952లో డీడీటీకి తట్టుకోవడం బయటపడింది. ఇప్పటికి 50కి పైగా మందులకి నిరోధకత తెచ్చుకుంది. ఎలాగంటే, వంగ, బంగాళాదుంప, ఉమ్మెత్తల కుటుంబపు మొక్కలన్నీ ఆకుల్లో విషాలు తయారు చేసుకుంటాయి. ఆ విషాల్ని తిని అరిగించుకోవడం నేర్చిన పురుగుకి మనం కొట్టే మందుని విరగ్గొట్టడం కొత్త విద్య కాదు. మీ వంగ కూడా ఆ కుటుంబమే. మందు మార్చాలనుకున్నప్పుడు పేరు కాదు, అది పనిచేసే తీరు మార్చాలి. పనిచేసే తీరుని బట్టి మందుల్ని గుంపులుగా విడదీస్తారు, డబ్బా మీద ఆ గుంపు సంఖ్య ఉంటే చూసుకోండి. వేరే పేరుతో అదే గుంపు మందు కొడితే మార్చినట్టు కాదు. మీరు కొట్టిన మూడింట్లో రెండు ఒకే గుంపువి.

పంట మార్పిడి గొప్ప ఆయుధమే, అది కూడా పురుగు తీరు తెలిసి వాడాలి. అమెరికాలో మొక్కజొన్న వేరు పురుగు మొక్కజొన్న మడిలోనే గుడ్లు పెట్టేది, దాని పిల్లలు సోయా వేరు తిని బతకలేవు. ఏడు విడిచి ఏడు సోయా వేస్తే పిల్లలు పొదిగి ఆకలితో చచ్చేవి. కొన్ని దశాబ్దాలు ఇది చక్కగా సాగింది. 1990ల్లో ఇల్లినాయిస్‌లో సోయా మడిలోకి వెళ్లి గుడ్లు పెట్టే రకం బయటపడింది, మర్నాటి ఏడు అక్కడ మొక్కజొన్నే వేస్తారు కదా. దాని దగ్గరి జాతి ఇంకోటి గుడ్డుగానే రెండు శీతాకాలాలు ఆగడం మొదలుపెట్టింది. మందుకే కాదు, మన అలవాటుకి కూడా పురుగు అలవాటుపడుతుంది. మీ వేరుశనగ తర్వాత ఏం వేయాలన్న నిర్ణయం తవ్వి పురుగు లెక్క చూశాకే తీసుకోండి. మీ మడిలోని వేరు పురుగుకి చాలా పంటల వేళ్లు పనికొస్తాయి కాబట్టి పంట మార్చినంత మాత్రాన అది పోతుందని అనుకోకండి.

జీవ మందుల్లో ఎక్కువమంది మోసపోయేది బీటీ దగ్గర, అంటే ఒక బ్యాక్టీరియాతో చేసిన మందు దగ్గర. గొంగళి పురుగులకి అమ్మే బీటీ పెంకు పురుగుల మీద పనిచేయదు. ఆ బ్యాక్టీరియా తయారు చేసే ప్రోటీను పురుగు పేగులో అతుక్కోవాలి, గొంగళి పేగుకి సరిపోయేది పెంకు పురుగు పేగుకి సరిపోదు. పెంకు పురుగులకి పనికొచ్చే రకాన్ని 1980ల మొదట్లో జర్మనీలో, చనిపోయిన ఒక పెంకు పురుగు ప్యూపా నుంచి వేరు చేశారు. దాని పేరు టెనెబ్రియోనిస్. అది కూడా కొన్ని జాతుల మీదే, అదీ చిన్న పిల్లల మీదే పనిచేస్తుంది. డబ్బా మీద ఆ పేరు లేకపోతే కొనకండి.

వేరు పురుగు మీద నాకు నమ్మకమున్నవి రెండు. ఒకటి హెటెరోరాబ్డిటిస్ అనే నులిపురుగులు. ఇవి పంటకి హాని చేసే నులిపురుగులు కావు, కంగారుపడకండి. మట్టిలో ఈదుకుంటూ వేరు పురుగుని వెతుక్కుని దాని ఒంట్లోకి దూరతాయి. తమ కడుపులో మోసుకొచ్చిన బ్యాక్టీరియాని లోపల వదులుతాయి. రెండు మూడు రోజుల్లో పురుగు చచ్చి ఇటుక రంగుకి మారుతుంది. ఆ రంగు చూస్తే మందు పనిచేసిందని తెలుస్తుంది. ఎండ తగిలితే, నేల పొడిగా ఉంటే ఇవి బతకవు. సాయంత్రం, తడి నేలలో పోసి, పైన మళ్లీ పలచగా నీళ్లు పెట్టాలి.

రెండోది మెటారైజియం అనే శిలీంధ్రం. దీని కథ పెంకు పురుగుతోనే మొదలైంది. 1879లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సా ప్రాంతంలో గోధుమని నాశనం చేస్తున్న పెంకు పురుగుని పరిశీలిస్తూ ఎలీ మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త చనిపోయిన పురుగుల మీద ఆకుపచ్చ బూజు గమనించాడు. దాన్ని పెంచి పురుగు మీద వాడొచ్చని ఆలోచించాడు. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి 1908లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే. శిలీంధ్రాన్ని పురుగు తినాల్సిన పని లేదు, చర్మానికి అంటుకుంటే చాలు, మొలకెత్తి లోపలికి దిగుతుంది. కానీ నిదానంగా పనిచేస్తుంది, వారం నుంచి రెండు మూడు వారాలు పట్టొచ్చు. బాగా చివికిన ఎరువులో కలిపి, నీడలో తడిగా కొన్నాళ్లు ఉంచి, విత్తేముందు నేలలో కలపాలి. దాంతోపాటు శిలీంధ్రనాశని మందు వాడితే ఇది కూడా చచ్చిపోతుంది, ఆ రెండూ ఒకేసారి వద్దు.

ఇవాళ సాయంత్రమే పని మొదలుపెట్టండి. వంగలో ఇరవై మొక్కలకి ఆకు తిప్పి చూసి గుడ్ల గుత్తులు, పసుపు పిల్లలు, గోధుమ రంగుకి మారి ఎండినవి విడివిడిగా లెక్క రాసుకోండి. వేరుశనగలో అడుగు వెడల్పు, అడుగు లోతు గోతులు పది చోట్ల తవ్వి, ఒక్కో గోతిలో ఎన్ని పురుగులున్నాయో రాయండి. ఆ లెక్కలు నాకు చెప్తే ఏ మడికి ఏం చేయాలో ఇంకా ఖచ్చితంగా చెప్పగలను. తవ్వేటప్పుడు ఎక్కడైనా గట్టిపడి చనిపోయిన పురుగు మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తే దాన్ని బయట పారేయకండి. అదే మెటారైజియం, మీ నేలలో తనంతట తానే ఉంది. పురుగులు ఎక్కువగా దొరికిన గోతిలో దాన్ని చిదిమి వేసి మట్టి కప్పేయండి.